మాట అందించే మామయ్య

మా మామయ్య ముప్పై ఒక్కేళ్లుగా నాటకాలు నడిపిస్తున్నాడు. ఆయన్ని స్టేజీ మీద చూసినవాడు మాత్రం ఊళ్లో ఒక్కడూ లేడు. ఆయన ఉండే చోటు స్టేజీకి ఎడమ పక్కన, తెరకీ గోడకీ మధ్య రెండడుగుల సందు. ఆ సందులో ఒక స్టూలు, స్టూలు మీద మామయ్య, ఆయన మోకాళ్ల మీద నాటకం కాగితాలు, వాటి మీదకి వంగిన ఒక చిన్న బల్బు. అక్కడ కూర్చుని వేషగాళ్లకి మాట అందించడం ఆయన పని. దానికి జీతం లేదు. జీతం కోసం పగలంతా బస్టాండులో విచారణల కిటికీ వెనక కూర్చునేవాడు. రెండేళ్ల కిందట రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగం ఆ స్టూలొక్కటే.

మాట అందించేవాడు ఎక్కడైనా ఆపద్ధర్మానికి ఉంటాడు. మా నాటక సమాజంలో అలా కాదు. ఇక్కడ పాఠం కంఠతా పట్టే అలవాటు ఎవరికీ లేదు. పట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. రిహార్సల్ అంటే సాయంత్రం ఆరింటికి చేరడం, ఆరున్నర దాకా టీలు తాగడం, ఏడున్నర దాకా కిందటి నాటకం ఎంత బ్రహ్మాండంగా వచ్చిందో చెప్పుకోవడం, ఆ తర్వాత "పెద్దాయన ఉన్నాడుగా, చూసుకుంటాడు" అనుకుని ఇళ్లకి పోవడం. ప్రదర్శన రోజున రాజూ మంత్రీ సేనాపతీ అందరూ ఎడమ చెవిని తెర వైపు పెట్టి నిలబడతారు. యుద్ధం కూడా ఎడమ పక్కనే జరుగుతుంది. మా నాటకాల్లో స్టేజీ కుడి సగం ఎప్పుడూ ఖాళీగా ఎందుకు ఉంటుందో ప్రేక్షకులకి ఇంతవరకూ తెలియదు. అదేదో గొప్ప శిల్పమని ఒకాయన వ్యాసం కూడా రాశాడు.

మామయ్య పద్ధతి మామయ్యది. వేషగాడు ఊపిరి తీసుకునే ఆ కాస్త వ్యవధిలో తర్వాతి మాట అందించేస్తాడు. పెదవి కదలదు. అందాల్సిన చెవికి తప్ప ఇంకో చెవికి వినపడదు. ముందు వరుసలోవాళ్లు కూడా రాజుగారి జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటూ ఇళ్లకి వెళతారు. ఆ రాజుగారు బ్యాంకులో క్యాషియరు. ఊరంతా ఆయన్ని మహారాజు అనే పిలుస్తుంది, ఆయన కూడా బ్యాంకులో అలాగే నడుస్తాడు. "అన్ని మాటలు ఎలా గుర్తుంటాయండీ మీకు?" అని ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని "సాధన" అంటాడు. ఆ మాట కూడా మొదటిసారి మా మామయ్యే అందించి ఉంటాడని నా అనుమానం.

మామయ్యకి ఒక నియమం ఉంది. కాగితంలో లేని మాట ఆయన నోట రాదు. ఒకసారి సేనాపతి వేషగాడు జనం నవ్వుతున్నారు కదా అని సొంత కవిత్వం మొదలుపెట్టాడు. మామయ్య కాగితంలో ఉన్న మాటే అందించాడు. అతను వినలేదు. మామయ్య మళ్లీ అదే మాట అందించాడు. పదకొండోసారికి సేనాపతి చెమటలు కక్కుతూ దారికొచ్చాడు. "రాసినవాడు ఒక మాట పెట్టాడు. అది మార్చడానికి మనమెవరంరా?" అనేవాడు మామయ్య నాతో. దేవుడి మీద ఒట్టు వేసినా నమ్మడానికి ఆలోచిస్తాడు గానీ, కాగితంలో ఉందంటే మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతాడు.

ఇంట్లో ఈ విద్య వల్ల అత్తయ్యకి నరకం. ఆవిడ ఏదైనా చెప్పబోయి క్షణం తడుముకుంటే ఆయన మాట అందించేస్తాడు. కోపం వచ్చి ఆయన్ని తిట్టబోతే సరైన తిట్టు కూడా ఆయనే అందిస్తాడు. "మీరొట్టి..." అని ఆవిడ ఆగితే, "దద్దమ్మ" అని వినయంగా అందించిన మనిషిని ఇక ఎవరు మాత్రం ఏం తిడతారు?

అత్తయ్యది నాటకాలు ఆడే హాలు పక్కనే కుట్టు దుకాణం. నాటకాల బట్టలన్నీ ఆవిడ చేతి కుట్టే. మహారాజు అంగీకి ఏటా అంగుళం చొప్పున వెడల్పు పెంచుతూ వస్తోంది. "రాజ్యం పెరగట్లేదు గానీ రాజు పెరుగుతున్నాడు" అంటుంది పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని. ఆ దుకాణం పక్కన టీకొట్టు, దాని పక్కన సైకిళ్ల స్టాండు, ఎదురుగా మంగలి షాపు, మూలన పోస్టర్లు వేసే ప్రెస్సు. వీధి వీధంతా ఆ హాలుని నమ్ముకుని బతుకుతోంది. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. నాటకాలవాళ్లంటే పనీపాటా లేనివాళ్లని అందరి అభిప్రాయం.

ఇక నా సంగతి. నేను పురపాలక ఆఫీసులో గుమాస్తాని. ఒక రోజు నా బల్ల మీదకి ఒక ఫైలు వచ్చింది. నాటకాలున్న సాయంత్రాల్లో ఆ వీధిలో బళ్లు పెట్టుకోవడానికి చోటు చాలక జనం ఇబ్బంది పడుతున్నారట. కాబట్టి హాలు పడగొట్టి అక్కడ బళ్లు పెట్టుకునే స్థలం కట్టాలట. హాలు పోయాక ఆ వీధికి బళ్లేసుకుని ఎవరొస్తారన్న ప్రశ్న ఫైలులో లేదు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు రాయడం మా ఆఫీసు పద్ధతి కాదు.

పద్ధతి ప్రకారం పడగొట్టే ముందు ఒక నివేదిక ఉండాలి. "స్థానిక కళల వల్ల పట్టణానికి కలుగు ఆర్థిక, సామాజిక ప్రయోజనములు" అని దాని పేరు. ప్రయోజనాలేమీ లేవని రెండు పేజీల్లో రాసిమ్మన్నారు. నాకు పంతం పుట్టింది. నలభై పేజీలు రాశాను.

టీకొట్టాయన్ని అడిగాను. "నాటకాలవాళ్లా? వాళ్లవల్ల నాకేం ఒరిగింది బాబూ? సాయంత్రం అయ్యేసరికి మందలా వచ్చి పడతారు. వాళ్ల మూలాన పాలు రెండింతలు పోయించుకోవాల్సొస్తోంది, చిరాకు!" అన్నాడు. నేను రాసుకున్నాను. మంగలాయన ఇంకా మండిపడ్డాడు. "నాటకం వారంలో నాకు తిండి తినడానికి కూడా తీరిక ఉండదండీ. అందరికీ మొహాలు నున్నగా కావాలి. పీడ వదిలితే బాగుండును" అన్నాడు. అదీ రాసుకున్నాను. వీధిలో ప్రతివాడూ ఆ హాలు వల్ల తనకి ఎంత గిరాకీ ఉందో విసుక్కుంటూ చెప్పాడు.

ఒక్క మనిషి దగ్గర మాత్రం నా కలం ఆగిపోయింది. ఆయన నాటకంలో బల్లెం పట్టుకుని రాజు వెనక నిలబడతాడు. భార్య పోయాక ఆర్నెల్లు ఇంట్లోంచి కదలలేదట. మామయ్య వెళ్లి "ఒక మనిషి తక్కువయ్యాడు, వచ్చి నిలబడు చాలు" అని లాక్కొచ్చాడు. తొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. "అక్కడ నిలబడితే నాకు బాగుంటుంది" అన్నాడు. నా పట్టికలో ఆ మాట రాయడానికి గడి లేదు. అన్ని గడులూ మళ్లీ వెతికాను. ఎక్కడా పట్టలేదు. చివరికి "ఇతరములు" అన్న చోట ఒకటి అని వేశాను. ఇప్పటికీ ఆ ఒకటిని తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

మామయ్యని కూడా అడిగాను. "హాలు పోతే నువ్వేం చేస్తావు మామయ్యా?"

ఆయన కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. అందరికీ మాట అందించే మనిషికి ఆ వేళ ఒక్క మాటా అందలేదు. బదులు అత్తయ్య చెప్పింది. "ఏం చేస్తారు? రోజంతా ఇంట్లో కూర్చుని నాకే అందిస్తారు. నేను బతకనురా అబ్బాయ్. నీకు దండం పెడతాను, ఏదో ఒకటి రాసి ఆ హాలు ఉంచు." నవ్వుతూనే అంది గానీ, వెంటనే కుట్టుమిషను వైపు తిరిగిపోయి, దారం లేని సూదితో ఒక బారెడు గుడ్డ కుట్టేసింది.

నివేదిక ఇచ్చాను. చైర్మన్ గారు దాన్ని చేత్తో తూచి చూసి "బాగా పనిచేశావయ్యా" అన్నారు. తెరవలేదు. మర్నాడు సమావేశంలో చదవాల్సిన తీర్మానం ముందురోజే నా చేత టైపు చేయించారు. అందరి వాదనలూ విన్న తర్వాత తీసుకునే నిర్ణయం కదా, ముందే తయారుగా ఉండాలి. "అన్ని విషయములను కూలంకషముగా పరిశీలించిన మీదట ఈ నాటకశాలను" దగ్గర మొదటి పేజీ నిండిపోయింది. "తొలగించవలెనని తీర్మానించడమైనది" రెండో పేజీలో పడింది. ఆ మాట టైపు చెయ్యడానికి మనసొప్పలేదు. అయినా చేశాను. నెల జీతగాణ్ణి.

సమావేశానికి వీధంతా వచ్చింది, ఎందుకొచ్చామో తెలియని మొహాలతో. నాటక సమాజం తరఫున మహారాజు మాట్లాడాలి. మాట్లాడాల్సింది నా నివేదికలోంచి మామయ్య పెద్ద అక్షరాలతో ఎత్తి రాసిన నాలుగు పేజీలు. మహారాజు వాటిని ఒక్కసారి కూడా చూడలేదు. లోపలికి రాగానే "పెద్దాయన ఎక్కడ కూర్చుంటాడు?" అని అడిగాడు. ఆఫీసులో తెర ఎక్కడుంది? వేదిక పక్కన ఫైళ్ల ఇనుప బీరువా ఉంది. దాని వెనక స్టూలు వేశారు. బీరువాకి అటు రెండడుగుల దూరంలో చైర్మన్ గారి కుర్చీ, ఇటు రెండడుగుల దూరంలో మహారాజు. ఆయన ఎడమ చెవి బీరువా వైపు పెట్టి నిలబడ్డాడు.

మాట్లాడాడు, ఏం మాట్లాడాడు! టీకొట్టు పాలు మొదలుకొని ప్రెస్సు కాగితం దాకా ఒక్కటీ వదలలేదు. పాల లెక్కల దగ్గర గొంతు గద్గదమైంది. టీకొట్టాయన తన మూలాన ఇంత జరుగుతోందా అని ఆశ్చర్యపోయి కళ్లు తుడుచుకున్నాడు. మంగలాయన లేచి "మా హాలు మాకు కావాలి!" అని అరిచాడు. తన సొంత విసుగునే ఎవరో గొప్ప భాషలో చెబితే ఎవరికైనా గుండె కరుగుతుంది.

చైర్మన్ గారు కూడా తల ఊపారు. తల ఊపుతూనే జేబులోంచి నేను టైపు చేసిన తీర్మానం తీశారు. "అన్ని విషయములను కూలంకషముగా పరిశీలించిన మీదట ఈ నాటకశాలను" అని గంభీరంగా చదివి, పేజీ తిప్పబోయారు. పేజీ తిరగలేదు. రెండు కాగితాలూ అంటుకుపోయాయి. వేలు తడి చేసుకున్నారు, అయినా రాలేదు. చైర్మన్ గారు తలెత్తి ఊపిరి తీసుకున్నారు.

బీరువా వెనకనుంచి మాట అందింది.

"నిలబెట్టవలెనని" అన్నారు చైర్మన్ గారు. అంతే, మంగలాయన చప్పట్లు మొదలెట్టాడు. వీధంతా లేచి నిలబడింది. మహారాజు వెళ్లి చైర్మన్ గారిని కౌగిలించుకున్నాడు. ముప్పై ఏళ్ల రాజకీయ జీవితంలో ఎవరూ బతిమాలకుండా చప్పట్లు రావడం ఆయనకి అదే మొదటిసారి అయి ఉంటుంది. చేతిలో కాగితం వైపు ఒకసారి చూశారు, జనం వైపు ఒకసారి చూశారు, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "కళలకు సేవ చెయ్యడం నా చిన్ననాటి కల" అని ప్రకటించారు. ఆ మాట మాత్రం ఎవరూ అందించలేదు, సొంతదే.

వీధిలో అందరూ సంబరంగా ఉంటే మామయ్య ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్తయ్య కబురు పంపితే నేను వెళ్లాను. కంచంలో అన్నం అలాగే ఉంది.

"ఇక ఆ స్టూలు మీద కూర్చోనురా" అన్నాడు.

"అదేంటి మామయ్యా? హాలు నిలబడిందిగా!"

"పాపం, ఆయన అలా ఆగిపోయేసరికి నేను ఉండలేకపోయాను. నోరు దానంతట అదే కదిలింది. కానీ ఆయన కాగితం నా దగ్గర లేదు కదా. అందులో ఏముందో చూడకుండా నాకు కావాల్సిన మాట అందించాను. ముప్పై ఒక్కేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదురా ఆ పని. అలాంటివాడికి ఆ సందులో కూర్చునే హక్కు లేదు."

అత్తయ్య గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. మామయ్య లేచి కూర్చున్నాడు. "నువ్వే కదా టైపు చేశావు? నిజం చెప్పు. అందులో ఏముంది?"

కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. పదిహేడేళ్ల నౌకరీలో నేను ఒక్క అంకె తప్పు వెయ్యలేదు, ఆ గర్వం నాకూ ఉంది. మామయ్య నా మొహంలోకి చూస్తున్నాడు.

"నువ్వన్న మాటే ఉంది మామయ్యా" అన్నాను.

"కాగితంలోనే?"

"కాగితంలోనే."

ఆయన లేచి వెళ్లి చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. అత్తయ్య అన్నం మళ్లీ వేడి చేస్తానన్నా వద్దన్నాడు.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లి రెండో పేజీ మళ్లీ టైపు చేశాను.