పత్తిచేనులో వదిలేసిన గుంత

నల్లరాయి కనబడితే నాకు ఒళ్లు తెలియదు. ఖనిజాల సర్వేలో ముప్పై ఏళ్లు పనిచేసినా ఆ పిచ్చి తగ్గలేదు. జమ్మికుంట దగ్గర ఒక ఒంటరి ముసలామె పత్తిచేనులో ఆ పిచ్చే నా కొంప ముంచింది. నిజానికి మునిగింది నా కొంప కాదు, ఆమెది.

అప్పుడు క్రోమైట్ అనే నల్ల ఖనిజం కోసం తిరుగుతున్నాం. ఆమె చేను గట్టున బరువైన నల్లరాయి దొరికింది. గరుకు పింగాణీ బిళ్ల మీద గీస్తే గోధుమరంగు గీత పడింది. ఇనుపరాయైతే గీత నల్లగా పడేది. చిన్నపిల్లాడిలా గంతులేశాను. పొర ఎంత మందం ఉందో చూడాలంటే చేను మధ్యలో నిలువులోతు గుంత తవ్వాలి. ఎండాకాలం కాబట్టి చేను ఖాళీగానే ఉంది.

"తవ్వుకో బిడ్డా. గాని మిర్గం లోపట పూడ్చాలె. నా ఎడ్లు ఈడనే మేస్తయి," అంది ముసలామె.

తొలకరికల్లా పూడుస్తానని మాటిచ్చాను. ఆ రెండు ఎడ్లను ఆమె లేగలప్పటి నుంచి సాకింది. వాటి మీదే ఆమె సేద్యం, ఆమె తిండి.

గుంతలో జానెడు నల్లపొర బయటపడింది. నమూనాలు సంచుల్లో కట్టాక కూలీలు పూడ్చడానికి పారలు పట్టుకున్నారు. నేనే వద్దన్నాను. మా పెద్దసారు వచ్చి కళ్లారా చూసి నన్ను మెచ్చుకోవాలి. అదీ నా కక్కుర్తి. చుట్టూ నాలుగు ముళ్లకంపలు వేయించి, ఇంకో పని మీద ఉట్నూర్ జీపెక్కాను. పెద్దసారు ఇవాళ, రేపు అంటూ రానేలేదు.

ఆ ఏడు వాన ముందే పడింది. ఉట్నూర్‌లో కిటికీ దగ్గర కూర్చుని, హమ్మయ్య చల్లబడింది అనుకున్నాను. గుంత గుర్తుకు రాకపోలేదు. రేపు పోదాంలే అనుకున్నాను. అట్లా నాలుగు రోజులు అనుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కూలీలను వెంటేసుకుని వెళ్లాను. గుంత లేదు. అక్కడ పచ్చిమట్టి దిబ్బ ఉంది. గట్టున ఒక్క ఎద్దే నిలబడి ఉంది.

"అవ్వా, రెండోది?"

"వానకు కంప కొట్టుకపోయింది, నీళ్లు నిండి గుంత కనబడలే బిడ్డా. మేసుకుంట పోయి తలకిందులు పడ్డది, మునిగి పానం పోయింది. పైకి గుంజుడు ఎవ్వలతోని కాలే. ఊరోళ్లొచ్చి అండ్లనే మట్టి కప్పిండ్రు."

తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఒక్క ఎద్దుతో నాగలి సాగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తప్పంతా నాదే అన్నాను.

"గా నల్లరాయన్న మంచిదెల్లిందా?" అని అడిగింది.

అందులో సరుకు తక్కువ, తవ్వినా గిట్టదని ముందురోజే కబురొచ్చింది. ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మంచిదే అవ్వా అన్నాను.

"గట్లయితే మల్ల తవ్వుతరు గదా," అంది. "జర పక్కపొంటి తవ్వుకోండ్రి బిడ్డా. దాన్ని కదిలియ్యకుండ్రి."