పంది ఉన్న ఇంటి పిల్ల

మా ఇంట్లో పందుల్ని పెంచుతాం. అమ్మడానికి కాదు, మేం తినడానికే. ఒకదాన్ని క్రిస్మస్‌కి కోస్తాం, ఇంకోదాన్ని ఎండలు ముదరకముందు. ఎవరడిగినా ఇలాగే చెబుతాను. గొంతు తగ్గించి చెప్పడం ఎప్పుడో మానేశాను.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. నేను స్కూల్లో ఉండగానే భిలాయి పక్కన చరోదా రైల్వే యార్డు అవతల చిన్న జాగా కొన్నాడు. అక్కడ ముందు కట్టింది మా గదులు కాదు, వెనక దొడ్డి. సిమెంటు నేల, నీళ్లు పోవడానికి కాలువ, పైన రేకు. శ్రీకాకుళం వైపు ఆయన పుట్టిన ఊళ్లో పందులు వీధుల్లో తిరిగేవట, వాటితోపాటు ఆ ఇళ్లవాళ్లూ తిట్లు తినేవారట. మనవి గడప దాటి వీధిలోకి పోకూడదు, పస్తూ ఉండకూడదు అని నాన్న పట్టు.

స్కూల్లో నన్ను 'సూఅర్‌వాలీ' అనేవారు. పందులదాన్నని. కొన్నాళ్లు ఏడ్చాను. తర్వాత ఆ మాటకి తల తిప్పి 'హాఁ, బోల్', ఆఁ చెప్పు, అనడం మొదలుపెట్టాను. పిలిచేవాళ్లకే విసుగొచ్చి మానేశారు.

నాన్నకి మోకాళ్లు అరిగిపోయాక దొడ్డి పని నామీద పడింది. పడింది అనడం తప్పు, నేనే తీసుకున్నాను. భిలాయిలో ఒక రక్తపరీక్షల సెంటర్లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. డ్యూటీ అయ్యాక దారిలో ఒక ఢాబా దగ్గర ఆగి, మిగిలిన అన్నం, రొట్టెముక్కలు, కూరగాయల తొక్కలు రెండు బకెట్లలో స్కూటీకి కట్టుకుని తెస్తాను. అందులో పడ్డ ప్లాస్టిక్ కాయితాలూ పుల్లలూ ఏరి, అంతా పెద్ద డేగిసాలో ఉడకబెట్టి, తవుడు కలిపి పోస్తాను. పచ్చిది పెడితే రోగాలొస్తాయని నాన్న ఒప్పుకోడు. దొడ్డి కడిగి, స్నానం చేసి, ఆ తర్వాతే నేను తింటాను.

నిరుడు వానలు తగ్గుతుండగా మా మేనత్త ఒక సంబంధం తెచ్చింది. అత్తది భిలాయిలో సెక్టారు క్వార్టరు. మామయ్య స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. అబ్బాయి వాళ్లూ మాలాగే చర్చికి వెళ్లేవాళ్లే, బొబ్బిలి నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లు. చదువుంది, ఉద్యోగముంది, తాగుడు లేదు. అన్నీ బాగానే ఉన్నాయి. అత్త ఒక్కటే షరతు పెట్టింది. ఆదివారం వాళ్లొచ్చేటప్పటికి దొడ్లో పందులు కనబడకూడదు. కుమ్హారిలో తెలిసినవాళ్ల తోటకి పంపించి, ఫినాయిల్ కొట్టి, అగరొత్తులు వెలిగించాలి.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నాన్న టెంపో మాట్లాడేశాడు కూడా. నా మొహం చూడకుండా, పొద్దున్నే వస్తాడమ్మా, అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. నాకు వాళ్లమీద కోపం రాలేదు. కూతురి పెళ్లి అనేసరికి నాన్నలాంటి మనిషి కూడా వంగిపోయాడే అనిపించింది.

అత్త ఇంకా వెళ్లలేదు, అక్కడే కూర్చుని ఉంది. టెంపో అక్కర్లేదన్నాను.

"ఒక్క పూట కదే గుంటా, నీ సొమ్మేటి పోతాది?" అంది అత్త.

"ఒక్క పూట దాచితే, పెళ్లయ్యాక ప్రతి పూటా దాచాలి అత్తా. నావల్ల కాదు."

అత్త నాన్నవైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. నాన్న మోకాలు రుద్దుకుంటూనే ఫోను తీసి టెంపోవాడికి రావద్దని చెప్పాడు. అత్త ఆ రోజు మా ఇంట్లో టీ కూడా తాగలేదు.

ఆదివారం అబ్బాయి, అతని తల్లిదండ్రులు వచ్చారు. అత్తా వచ్చింది, మూతి ముడుచుకుని. ఇల్లు ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే శుభ్రంగా ఉంది. నేను టీ ఇచ్చి కూర్చున్నానో లేదో వెనక పందులు గుర్రుమన్నాయి. మేతవేళ మరి. అబ్బాయి తల్లి ఆ చప్పుడేంటని అడిగింది. అత్త నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. పందులండి, మేమే పెంచుతాం, చూస్తారా అని.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. అబ్బాయి తండ్రి మంచిగానే మాట్లాడాడు. తామూ తింటామనీ, పండగలకి కొట్టునుంచి తెప్పించుకుంటామనీ చెప్పి, "తినడం వేరమ్మా, పెంచడం వేరు" అన్నాడు.

"ఎవరో ఒకరు పెంచితేనే కదండీ కొట్టుకొచ్చేది" అన్నాను.

అబ్బాయి మాత్రం లేచి నాతో దొడ్లోకి వచ్చాడు. జేబురుమాలు తీశాడు గానీ ముక్కుకి పెట్టుకోలేదు. అది గమనించాను. ఏం పెడతారు, ఎన్నాళ్లకి పెరుగుతుంది అని అడిగాడు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు నచ్చాడు కూడా, ఆ మాట దాచను.

ఆ వారంలోనే ఫోను చేశాడు. వాళ్లమ్మ రెండు షరతుల మీద ఒప్పుకుంటుందట. నేను పెళ్లయ్యాక దొడ్డి వైపు వెళ్లకూడదు. మా నాన్న కూడా పందుల్ని ఎక్కడైనా దూరంగా పెట్టుకోవాలి. మీ అత్తయ్య చెప్పిన కుమ్హారి తోటలో పెట్టుకోమనండి, ఎవరికీ తెలియదు, అన్నాడు.

"ఎవరికి తెలియకూడదు?" అని అడిగాను.

మళ్లీ వాళ్లమ్మ మాటే ఎత్తాడు. నేనే ఫోను పెట్టేశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి ఎప్పట్లాగే దొడ్డి కడిగాను.

సంబంధం తప్పిపోయిందని అత్త మాతో మాట్లాడ్డం మానేసింది. కాలనీలో కూడా నా పొగరు గురించి చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

క్రిస్మస్ ముందు పెద్ద పందిని కోశాం. పెంచినదాన్ని కోసే రోజు నాకేం బాధ ఉండదనుకుంటారు. ఉంటుంది. ఆ పొద్దున దాని వీపు గోకుతూ చాలాసేపు నిలబడ్డాను. కానీ అది ఏం తిందో, ఎక్కడ పడుకుందో, ఎవరు కోశారో నాకు తెలుసు. ఆ బాధ నేను మోసే తింటున్నాను. ఇంకొకరి చేత మోయించి, కొట్టుదగ్గర సంచి పట్టుకుని నిలబడ్డం లేదు. చర్చిలో నేను అన్నయ్యా అని పిలిచేవాళ్లు ఇద్దరు సాయమొచ్చారు. గడ్డి అంటించి వెంట్రుకలు కాల్చింది, వేణ్ణీళ్లు పోసి గోకింది నేను. కోత నాన్నది, పీట మీద కూర్చునే.

మధ్యాహ్నానికి అత్త వచ్చింది, చేతిలో స్టీలు క్యాను. మా ఇంట్లో కోసినప్పుడల్లా అత్తకి వాటా ఉంటుంది, ఆ వాటా ఎవరూ తీసెయ్యలేదు. పక్కటెముకల ముక్కలు ఎక్కువ వేసి క్యాను నింపాను. మామయ్యకి అవే ఇష్టం.

అత్త గుమ్మంలోనే నిలబడి, "ఇంకో సంబంధముంది. ఈసారి ముందే సెప్పేసేను, ఇంట్లో పందులున్నాయని" అంది.

"ఏటన్నారు?"

"ఆలోసిస్తామన్నారు."

ఆలోచించుకోనీ అత్తా, అన్నాను. నాకు నవ్వొచ్చింది, అత్తకీ వచ్చింది గానీ ఆపుకుంది. లోపలికొచ్చి అమ్మ పక్కన కూర్చుని అల్లం పొట్టు తియ్యడం మొదలుపెట్టింది. నేను సున్నం బకెట్టు తీసుకుని దొడ్లోకి వెళ్లాను. కొత్త సంవత్సరంలో మళ్లీ పందిపిల్లల్ని తేవాలి, ఆ లోపు గోడలకి సున్నం కొట్టాలి.