జబ్బు ఎలా ఉందని అడిగిన మా రత్నం

నిన్న మధ్యాహ్నం రత్నం కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఇంక లేదు పిన్నీ."

ఫోన్ పెట్టేసి, ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు.

మా నర్సింగ్ బ్యాచ్‌లో ఒక్కొక్కరు పోయినప్పుడల్లా ఇలా నివాళి రాస్తూనే ఉన్నాను. నిజంగా విసుగొచ్చేసింది.

రత్నానికి కూడా నేనే రాయాలా?

అరవైల చివర్లో విజయనగరంలో మా ట్రైనింగ్. "రోగం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. అది రోగికి ఎలా ఉంటుందో మీరు అడిగి తెలుసుకోండి" అని మా ట్యూటర్ ఫైనల్ ఇయర్‌లో రీసెర్చ్ ప్రాజెక్ట్ ఇచ్చారు. రీసెర్చ్ అనే మాట వినడం అదే మొదలు.

రత్నానికి టీబీ వార్డు పడింది. గరివిడి వైపు నుంచి వచ్చిన అప్పలనరసమ్మ అనే పేషెంటు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఈ జబ్బు నీకెలాగున్నాదమ్మా?"

"బాగున్నాది సిస్టర్."

అంతే.

మర్నాడు పొద్దున్నే వాళ్ల చుట్టాలంతా వార్డు ముందు ఒకటే ఏడుపు! "సిస్టరమ్మ పక్కన కూకున్నాది, ఇంక నా పనైపోనాది" అని ఇంటికి కబురు పెట్టిందట మహాతల్లి.

ఆవిడ తప్పేముంది? మా వార్డులో నర్సులు తీరిగ్గా పక్కన కూర్చునేది చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరే.

మేట్రన్ చీవాట్లు పెట్టి, ఈ అడగడాలు ఆపెయ్యమంది. రత్నం వింటే కదా, మొండిఘటం. "అందరి దగ్గరా కూకుంటాను మేడమ్, అప్పుడెవులూ బయపడరు" అంది.

డ్యూటీ అయ్యాక రోజూ మంచం మంచం దగ్గరా కూర్చునేది. కాళ్లు వాచిపోయేవి. మేం నవ్వేవాళ్లం.

కొన్నాళ్లకి అప్పలనరసమ్మే పిలిచింది.

"దగ్గు కాదు సిస్టర్. నా కూతురు నన్ను సూసి ముక్కుకి గుడ్డ అడ్డెట్టుకున్నాది. అదీ నా నొప్పి."

రత్నం ఆరోజు అన్నం ముట్టలేదు.

డిశ్చార్జ్ నాడు, ఇంక అంటుకోదని డాక్టర్ గట్టిగా చెప్పాక, ఆ చిన్నపిల్లని రత్నమే ఎత్తుకెళ్లి తల్లి ఒళ్లో కూర్చోబెట్టింది.

కిందటి నెల అరసవల్లిలో రత్నం వాళ్లింటికి వెళ్లాను. కేన్సర్. గదినిండా చుట్టాలు. అందరిదీ ఒకటే మాట, ధైర్యంగా ఉండమని.

వాళ్లు బయటికెళ్లాక అడిగాను, ఎలా ఉందే అని.

"అలిసిపోనానే. ఈళ్ల కోసం దైర్యంగా ఉండలేక సస్తన్నాను" అని ఏడ్చింది.

నేను ఊరుకోమనలేదు. నేనూ ఏడ్చాను.

ఇంక ఎవరి కోసమూ ధైర్యంగా ఉండక్కర్లేదు రత్నం.

హాయిగా పడుకోవే తల్లీ.