అంచు కోసిన కార్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఏ వస్తువూ పరీక్షకు నిలబడకుండా వచ్చేది కాదు. మేము మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మా నాన్నది తప్పులు పట్టే ఉద్యోగం. ప్రతి ముక్కనీ కొలవాలి, కొలత తప్పినదాన్ని పక్కన పడేయాలి. ఆ అలవాటు సాయంత్రం ఆయనతో పాటే ఇంటికి వచ్చేది. పాల డబ్బా మీద తేదీ, కొత్త బూట్ల కుట్లు, నా స్కూల్ ఫొటోలో నా పక్కన నిలబడిన పిల్లల మొహాలు, అన్నీ చూసేవారు. నవ్వుతూ ఇచ్చినదాన్ని ఇంకొకసారి చూడమని నాకు చెప్పేవారు.

పదేళ్ళ వయసులో నాకు బేస్‌బాల్ కార్డుల పిచ్చి పట్టింది. ఒకవైపు ఆటగాడి ఫొటో, రెండో వైపు అతని ఆట వివరాలు ఉండే అట్టముక్కలవి, అరచేతిలో ఇమిడేంత ఉంటాయి. నాన్నకి మొదట ఇదంతా చెత్త అనిపించింది. అయితే అరిగిపోయిన కార్డుల అంచులు సన్నగా కోసి, కొత్తవాటిలా చూపించి అంటగట్టేవాళ్ళు కూడా ఉంటారని నేను చెప్పిన రోజున చదువుతున్న పేపరు పక్కన పెట్టారు. "అవునా? మరి ఎలా కనిపెడతారు?" అన్నారు.

కనిపెట్టడం సులువే. అనుమానం వచ్చిన కార్డుని అదే సెట్‌లోని రెండు మామూలు కార్డుల మధ్య పెట్టి, మూడింటినీ కలిపి బల్ల మీద నిలబెట్టి తట్టాలి. మంచి కార్డైతే పైన మూడు అంచులూ ఒకే గీతలా కలుస్తాయి. కోసినదైతే మధ్యలో కిందికి దిగిపోతుంది. నాన్న ఆ రాత్రే నా కార్డులన్నీ అలా తట్టి చూశారు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి ఒక పాత భూతద్దం తెచ్చి ఇచ్చారు. ఆయన నాకు తెచ్చిన బహుమతుల్లో నేను మరిచిపోనిది అదే.

శనివారం పొద్దున మా ఇంటికి దగ్గరలో ఒక కార్డుల షాపు వెనక గదిలో, పొడవాటి బల్ల చుట్టూ పదిమంది దాకా కూర్చుని కార్డులు మార్చుకునేవాళ్ళు. ఎక్కువమంది పెద్దవాళ్ళే. షాపు నడిపే ఆవిడ పెట్టిన నియమాలు రెండు. ఇద్దరూ ఒకరి కార్డుని ఒకరు కవర్లోంచి తీసి, తృప్తి పడేదాకా చూసుకోవచ్చు. షేక్‌హ్యాండ్ ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. చెప్పని మూడో నియమం ఒకటి ఉంది. చూడమని ఇచ్చిన కార్డుని బల్లకింద మార్చేసినవాడు ఆ గదిలోకి మళ్ళీ అడుగుపెట్టడు.

ఆ బల్ల దగ్గర అందరికంటే పెద్దాయన ఒక రిటైరైన బస్సు డ్రైవరు. ఎప్పుడూ ఎర్ర టోపీ పెట్టుకునేవాడు. నేను భూతద్దం తీయగానే రెండు చేతులూ పైకెత్తి, "ఇన్‌స్పెక్టర్ వచ్చింది, ఎవరూ కదలకండి" అనేవాడు. ఆయన అన్నది ఇంగ్లీషులోనే, నాకు మాత్రం ఇప్పుడు తెలుగులోనే గుర్తుకొస్తుంది. అందరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. ఆయన మంచిగా ఉండటమే నాకు అనుమానంగా ఉండేది. భార్య పోయాక ఆయన నలుగురితో మాట్లాడేది శనివారాల్లోనే అని షాపు ఆవిడ ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. అది కూడా జాలి పుట్టించడానికి చెప్పుకున్న మాటేమో అనుకున్నాను. నాకు పదేళ్ళే, కానీ నాన్న పెంపకం.

నా దగ్గర ఒకే ఒక్క గొప్ప కార్డు ఉండేది. మా వైపు జట్టులో బంతి విసిరే పిచర్‌ది. అతను ఆడిన మొదటి ఏడాది వచ్చిన కార్డు. అలాంటి మొదటి ఏడాది కార్డుల్ని రూకీ అంటారు, అందరికీ కావలసింది అవే. వేసవిలో నాన్న దాన్ని మూడుసార్లు తట్టి చూసి, "ఇది కరెక్ట్ పీస్" అన్నారు. గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి దాచుకున్నాను. దసరాకి అమ్మ నా స్కూలు పుస్తకాలతో పాటు దాన్ని కూడా సరస్వతి పటం ముందు పెట్టి పూజ చేసింది. మా ఇంట్లో ఏడాదికొకసారి పుస్తకాలకి విశ్రాంతి. మర్నాడు అన్నీ తీసుకుని సర్దేసుకున్నాను.

ఎర్ర టోపీ ఆయన దగ్గర ఒక క్యాచర్ కార్డు ఉండేది, అంటే విసిరిన బంతిని వెనక నుంచి పట్టే ఆటగాడిది, మా నాన్న వయసున్నది. నాకు అది కావాలి. ఆయనకి నా రూకీ కావాలి. నవంబరులో ఒక శనివారం మార్చుకుందామని అనుకున్నాం. నాన్నకి ఆరోజు ఓవర్‌టైమ్ పడటంతో అమ్మ తీసుకొచ్చింది. అప్పుడే కొత్తగా లైసెన్స్ వచ్చింది ఆమెకి. చీర మీద నాన్న పాత కోటు వేసుకుని, ఎవరితోనూ మాట కలపకుండా తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఇంగ్లీషు అర్థమయ్యేది, మాట్లాడాలంటే సిగ్గు.

ముందు నేను ఆయన కార్డుని పావుగంట చూశాను. మూలలు, అంచులు, వెనక వైపు గీతలు. ఒక్క తప్పూ దొరకలేదు. ఆ తర్వాత ఆయన నా కార్డు తీసుకున్నాడు. కళ్ళజోడు కోసం కోటు జేబులు వెతుకుతూ ఒక్క క్షణం కార్డుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూశాను. మళ్ళీ పైకి తీసి, రెండు మామూలు కార్డుల మధ్య పెట్టి, బల్ల మీద తట్టాడు.

మధ్య కార్డు కిందికి దిగింది.

ఆయన ఇంకోసారి తట్టి చూశాడు. గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినబడేలా, ఇది ఎవరో కోసిన కార్డమ్మా అన్నాడు.

నాకు తెలిసిన లెక్క ప్రకారం జవాబు ఒక్కటే. నాన్న తట్టిన కార్డు తప్పు కాదు. తప్పు ఉందంటే కార్డు మారింది. మారిందంటే ఆయన ఒళ్ళో మారింది. నేను లేచి నిలబడి, గదంతా వినేలా, "యూ స్విచ్డ్ ఇట్!" అని అరిచాను.

షాపు ఆవిడ వచ్చి, ఏమీ అనుకోవద్దంటూనే ఆయన్ని జేబులు చూపించమంది. జేబుల్లో ఏమీ లేదు. ఆయన ఆల్బమ్ తిరగేస్తుంటే మాత్రం చివరి పేజీలో అదే రూకీ కార్డు ఇంకొకటి దొరికింది. తట్టి చూస్తే కొలత సరిగ్గా ఉంది. నీ దగ్గర ఒకటుండగా ఇంకొకటి ఎందుకని ఎవరో అడిగారు. వేరే ఊళ్ళో ఉన్న మనవరాలి కోసం అన్నాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. నమ్మలేదని మొహాల్లో కనబడింది. ఒకతను తన ఆల్బమ్‌ని మోచేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

ఎర్ర టోపీ ఆయన నా వైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. అంచులు సరిగ్గా ఉన్న తన కార్డుని నా ముందుకి జరిపాడు. తనదని ఆ పాప నమ్ముతోంది, తీసుకోనివ్వండి అన్నాడు. నేను తీసుకున్నాను. పొట్టిదాన్ని కూడా నాన్నకి సాక్ష్యంగా చూపించాలని జేబులో వేసుకున్నాను. ఇచ్చేశాడంటే దొంగతనం ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాను.

వ్యాన్ ఎక్కగానే అమ్మకి అంతా గర్వంగా చెప్పాను. నా తెలుగు అప్పుడు ముక్కలు ముక్కలుగా ఉండేది.

"అతను నా కార్డ్ మార్చాడు అమ్మా. కట్ చేసింది ఇచ్చాడు నాకు. నేను పట్టుకున్నాను! డాడీకి చెప్దాం."

అమ్మ తాళం పెట్టింది కానీ తిప్పలేదు. "కట్ చేసిందా? ఏదీ, చూపించు" అంది.

పొట్టి కార్డు ఇచ్చాను. వేలితో అంచు వెంట తడిమింది. ఆ తర్వాత అడిగింది, "ఇంక ఆయన్ని ఏం చేస్తారే?"

"ఇంక రానివ్వరు. రూల్ అది."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

అమ్మ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసింది. "ఆయన కాదే కోసింది. నేను."

పూజనాడు పుస్తకాలకి బొట్లు పెడుతూ, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే కదా అని నా కార్డుకి కూడా పెట్టిందట. ప్లాస్టిక్‌కి బొట్టు పెడితే ఏం లాభమని తొడుగు తీసింది. చేతికి తడి ఉంది. కుంకుమ అంచు వెంట పాకింది. తుడిస్తే ఇంకా పాకింది. నేను ఏడుస్తానని భయపడి, స్కేలు పెట్టి, జాకెట్లు కుట్టే కత్తెరతో ఆ ఎరుపు మేర తీసేసింది. ఒకవైపే కోస్తే వంకరగా కనిపిస్తుందని నాలుగు వైపులా సమంగా కోసింది. మా అమ్మ ట్రాయ్‌లో సగంమంది తెలుగువాళ్ళకి జాకెట్లు కుట్టేది. ఆమె కోసిన అంచు నా భూతద్దానికి కూడా దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. దసరా తర్వాత ఒకరోజు నా కార్డు మూలలు మునుపటికంటే పదునుగా ఉన్నాయనిపించింది. చూసి సంతోషించాను. ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించడం నేర్చుకున్నదాన్ని, నాకు నచ్చినదాన్ని మాత్రం రెండోసారి చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్దామనే అనుకున్నా. నువ్వు గమనించలేదు కదా, పోనీలే అనుకున్నా. మీ నాన్నకి తెలిస్తే మళ్ళీ అదొకటి." డోర్ తీసింది. "దిగు. లోపలికి పోదాం."

"ఇంటికెళ్ళి ఫోన్ చేద్దాం అమ్మా. ప్లీజ్."

"ఫోన్‌లో ఎవరికి వినబడుతుందే? అందరి ముందూ అన్నావు. దిగు."

"అయితే నేను చెప్తా. నీకు ఇంగ్లీష్ రాదు."

అమ్మ నన్ను ఒకసారి తేరిపార చూసింది. "ముందు నేను చెప్తాను. ఈ విషయంలో నీ మీద నాకు నమ్మకం లేదు" అంది.

ఆ మాట అప్పుడు బాధించింది. కానీ ఆమె అనుమానం నిజమే. తలుపు దాకా నడిచే ఆ కాసేపట్లో, ఏదో పొరపాటు జరిగిందని మాత్రం చెప్పి సరిపెట్టేయొచ్చా అని నేను లెక్కలు వేస్తూనే ఉన్నాను.

మేము వెళ్ళేసరికి ఎర్ర టోపీ ఆయన లేచి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆయన ఆల్బమ్ సంచిలోకి వెళ్ళిపోయింది. అమ్మ నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. నా చేతిలోంచి మంచి కార్డు తీసి ఆయన ముందు పెట్టింది. పక్కన పొట్టిది పెట్టింది. అంతమంది ముందు అమ్మ ఇంగ్లీషు మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"ఐ కట్," అంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "మీ. మై సిజర్స్. ప్రేయర్, రెడ్ పౌడర్, స్టెయిన్. ఐ కట్. హి నో చేంజ్. హి గుడ్ మ్యాన్." ఊపిరి పీల్చుకుని నా వైపు తిరిగి తెలుగులో, "ఇప్పుడు నువ్వు చెప్పు. మొత్తం," అంది.

మొత్తం చెప్పాను. బొట్టు, తడి చెయ్యి, స్కేలు, కత్తెర. చివర్లో ఒక వాక్యం అమ్మ చెప్పమనలేదు, నేనే చెప్పాను. నేను మిమ్మల్ని దొంగ అన్నాను, అది అబద్ధం అన్నాను. ఆయన వినబడిందన్నట్టు తలూపాడు.

ఆయన నా భూతద్దం అడిగి తీసుకుని పొట్టి కార్డు నాలుగు అంచులూ చూశాడు. మెషిన్ ఏమీ లేకుండా, ఉత్త కత్తెరతోనా అని అమ్మని అడిగాడు. అమ్మ అవునంది. "ఇన్‌స్పెక్టర్, మీ అమ్మ ఈ రంగంలోకి దిగితే మనందరి పనీ అయిపోతుంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమ్మ నవ్వలేదు, ఆయనకి చేతులు జోడించింది. ఆయన టోపీ తీశాడు. ఆరోజు మా మధ్య ఏ మార్పిడీ జరగలేదు.

ఆ తర్వాతి శనివారం ఆయన వచ్చాడు. వస్తూనే ఉన్నాడు. అంతా సర్దుకుందని చెప్పగలిగితే బాగుండేది. ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఆల్బమ్ మీద చెయ్యి వేసి ఉంచేవాళ్ళు ఒకరిద్దరు చాలాకాలం ఉన్నారు. నేనన్నది అబద్ధమని వాళ్ళు చెవులారా విన్నారు. అయినా చెయ్యి అక్కడే ఉండేది. అది నేను పెట్టించిన చెయ్యి. అందుకే ఆయన పక్క కుర్చీలో నేను కూర్చోవడం మొదలుపెట్టాను. నా ఆల్బమ్ ఆయన ముందే తెరిచి వదిలేసి, నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళేదాన్ని. హైస్కూల్ అయ్యేదాకా అలాగే చేశాను.

ఈ ఫిబ్రవరిలో అమ్మ పోయింది. ఆమె కుట్టు సామాను సర్దుతుంటే గుండీల డబ్బా అడుగున, క్యాలెండర్ కాగితంలో మడిచిన నాలుగు సన్నటి అట్ట పీలికలు దొరికాయి. దారం కంటే కాస్త వెడల్పు. ఒకదాని మీద ఎరుపు ఇంకా ఉంది. ఎందుకు దాచిందో నాకు తెలియదు. ఆమె గుడ్డముక్క కూడా పారేసే మనిషి కాదు, అంతకు మించి కారణం లేకపోవచ్చు. పొట్టి కార్డు తెచ్చి, నాలుగింటినీ దాని చుట్టూ పెట్టి చూశాను. సరిపోయాయి. మళ్ళీ అదే కాగితంలో మడిచి పెట్టాను.

నేను ఇప్పటికీ శనివారాల్లో కార్డులు మార్చుకుంటాను. ఆ షాపు లేదు, ఎర్ర టోపీ ఆయన లేడు. బల్లలు వేరు, మనుషులు వేరు, అనుమానాలు మాత్రం అవే. నాన్న ఇచ్చిన భూతద్దం సంచిలోనే ఉంటుంది, దాన్ని వాడటం మానలేదు. కాకపోతే ఎవరి కార్డు చూడాలన్నా ముందు అమ్మ కోసిన కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంటాను. ఆ తర్వాతే ఎదుటివాళ్ళ కార్డు కోసం చెయ్యి చాపుతాను.