పదిహేడో నంబరు పేషెంటు

ఐదో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా దానికి నేను నచ్చలేదు. అలాంటి నన్ను 1964 ఎండాకాలంలో, హైదరాబాద్ నుంచి క్యాంపుకు వచ్చిన నలుగురు కాబోయే దంత వైద్యులకు పద్ధతులు నేర్పమని వేశారు. అప్పటికి నల్లగొండ జిల్లా దవాఖాన దంత విభాగంలో అటెండరుగా నాకు నాలుగేళ్ల సర్వీసు. పనిముట్లు మరిగించడం, పేషెంటు తల కదలకుండా పట్టుకోవడం, ఉమ్మడానికి గిన్నె అందించడం, రిజిస్టరు రాయడం నా డ్యూటీ.

నేను నేర్పాల్సినవి పుస్తకంలో ఉండవు. పేషెంటు చూస్తుండగా చేతులు కడుక్కోవాలి. పటకారు ముందే చూపకూడదు. ఏ పన్నో పేషెంటు వేలితో చూపించి, సరేనన్నాకే ముట్టుకోవాలి. వీటికి ఇంగ్లీషులో పెద్ద పేర్లున్నాయట. అవి తెలియకపోయినా తల పట్టుకోవడం ఆగలేదు.

క్యాంపు చౌటుప్పల్ దగ్గర ఒక నేతగాళ్ల ఊళ్లో పెట్టారు. బడి వరండాలో మడత కుర్చీ, గోడకు పళ్లు తోముకునే బొమ్మల చార్టు. పదిహేడో నంబరు యాదమ్మ. ఇరవై అయిదేళ్లుంటాయి. కుడివైపు కింది దవడ వాచింది, ఒళ్లు కాలుతోంది. నోరు తెరిస్తే ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు. సుధాకర్ అనే విద్యార్థి వాపు వదిలేసి చారలు పట్టుకున్నాడు.

“రోజూ పళ్లు తోముకోవా అమ్మా? ఇంత పాచి పట్టేదాకా ఏం చేస్తున్నావు?”

అక్కడికి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. “నూలుకెయ్యాల్సిన రంగు పండ్లకేసుకున్నట్టున్నది సారూ” అన్నాను. లైనంతా నవ్వింది. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ దిగి వెళ్లిపోయింది. చికిత్స గడిలో నేను ‘వెళ్లిపోయింది’ అని రాశాను.

విద్యార్థులతో వచ్చిన లెక్చరర్ సారు రిజిస్టరు చూస్తూ అక్కడ ఆగారు. ఎందుకు వెళ్లిందని, వాపు ఎటువైపని అడిగారు. దవడ కింది చీము గొంతులోకి దిగితే ఊపిరి ఆడదని, అందుకు రెండు రోజులు చాలని చెప్పారు. ఆమెను తీసుకురమ్మన్నారు. ఆమె రాకపోతే సుధాకరూ నేనూ కూడా రానక్కర్లేదన్నారు.

మేం వాళ్లింటికి వెళ్లేసరికి యాదమ్మ చెంప పట్టుకుని మగ్గం పక్కన కూర్చుని ఉంది. వాళ్ల అత్త గడపలోనే మమ్మల్ని ఆపింది.

“ఏందయ్యా, ఇంకింత నవ్వుదామని వచ్చిండ్రా?” అని తన నోరు తెరిచి చూపించింది. అవే చారలు. “యాపపుల్ల, బొగ్గు, ఉప్పు. నెత్తురొచ్చేదాక తోముత. పోయినయా? గీ యాదమ్మ మా అన్న బిడ్డ, గీ ఊళ్లెనే పుట్టింది. మా పెద్దకోడలు జడ్చర్ల పిల్ల, పెండ్లయినంక వచ్చింది. అదీ గదే బొగ్గుతోని తోముతది. దాని పండ్లు సూడుండ్రి, పాల లెక్క!”

పెద్దకోడలు అక్కడే నిలబడి ఉంది. నవ్వితే పళ్లు నిజంగానే పాల లెక్కే. సుధాకర్ అత్త పళ్లూ కోడలి పళ్లూ మార్చి మార్చి చూసి, తాగేనీళ్లు ఏ బావివని అడిగాడు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే, చిన్నతనంలో ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్లు అలా చారలు పడతాయి. ఆ పాఠం మీద పరీక్ష కూడా రాశానని తిరిగొచ్చే దారిలో ఒప్పుకున్నాడు. పుస్తకంలో చదివింది నోట్లో కనబడితే పోల్చుకోలేకపోయాడు.

“తప్పయింది అమ్మా. చారలు నీళ్లవల్ల, నీవల్ల కాదు. వాపు సంగతి వేరు, ఆ పన్ను ఇవాళే తీయాలి” అన్నాడు.

యాదమ్మ అతణ్ని వదిలి నన్ను చూసింది. “వస్త. గని ముందుగాల గీ అన్నను నోరు తెరువుమను. లైన్ల అందరి ముంగట.”

అప్పట్లో నా నోట్లో జర్దాపాన్ లేని గంట లేదు. నా పళ్ల రంగు ఆ ఊళ్లో ఏ నూలుకూ పట్టి ఉండదు. బడి దగ్గర నోరు తెరిచాను. లైనంతా వంతులవారీగా చూసింది. ఒక ముసలాయన దవడపళ్లు కూడా చూపమన్నాడు. చూపించాను.

తర్వాత యాదమ్మ కూర్చుంది. సుధాకర్ ఆమె ఎదుట చేతులు కడుక్కున్నాడు, ఏ పన్నో అడిగి తెలుసుకున్నాడు, మత్తుసూది ఇచ్చి పీకాడు. చీమంతా నా గిన్నెలోకి వచ్చింది. పెన్సిలిన్ ఇచ్చారు. రిజిస్టరులో ఆ గడి కొట్టేసి మళ్లీ రాశాను. సాయంత్రం సుధాకర్ ఊరివాళ్లకు కొత్త మాట చెప్పాడు: తోమడం పాచికి పనికొస్తుంది, ఈ చారలకు కాదు, నీళ్లు పరీక్షకు పంపుతాం, చిన్నపిల్లలకు వేరే బావి చూడాలి.

ఆ తర్వాత నా రిజిస్టరులో ‘తాగేనీళ్లు ఎక్కడివి’ అని ఒక గడి చేరింది. రిటైరయ్యేదాకా వచ్చిన ప్రతి బ్యాచికీ ఒకటే చెప్పాను. నొప్పి ఎక్కడో ముందు అడగాలి, నీళ్లెక్కడివో తర్వాత అడగాలి, పళ్ల రంగు గురించి పేషెంటు అడగకుండా చెప్పకూడదు. అటెండరు ఏమీ చెప్పనక్కర్లేదు.

ఈ చివరి ముక్క నాకు యాదమ్మే నేర్పింది. మూడోనాడు వాపు తగ్గి చూపించుకోవడానికి వచ్చింది. “ఇయ్యాల నోరు మంచిగ తెరుస్తున్నవు చెల్లే, గా దినం గంత బెట్టు ఎందుకు?” అన్నాను.

“నువ్వు నోరు మూస్కొని ఉంటే, నేను గా పొద్దుగాలనే తెరుస్తుంటి గదనే అన్నా!”