రెండో ఉద్యోగం ఎంత దూరం

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మేము కూరగాయలు కొనే కొట్టుకి గురువారం పొద్దున లారీ వస్తుంది. తలుపు తియ్యగానే ముందు తడిసిన అట్టపెట్టెల వాసన, దాని వెనకే కొత్తిమీర వాసన. మొన్న గురువారం ఆ వాసన తగలగానే నా చూపు అలవాటుగా కౌంటర్ వైపు వెళ్ళింది. ఎవరో కొత్తమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బెండకాయలు తూస్తోంది. అక్కడ నిలబడే సత్యవతి గారు పోయి నాలుగు నెలలైంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కాసేపు ఏం కొనాలని వచ్చానో గుర్తు రాలేదు.

ఇది దుఃఖంతో రాస్తున్నాననుకోవచ్చు. నిజానికి ఎక్కువపాలు కోపం. ఆవిడ సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి మైకు తీసుకున్నాడు. మూడు రాష్ట్రాల్లో అద్దెకిచ్చిన ఇళ్ళున్నవాడు. "ఆంటీ చాలా మంచి మనిషి. కాకపోతే కొంచెం ధైర్యం తక్కువ. ఇరవై ఏళ్ళు బే ఏరియాలో ఉండి ఒక్క ఇల్లు కొనలేకపోయారు. మనందర్నీ కూడా కొననివ్వలేదు" అన్నాడు. జనం సానుభూతిగా నవ్వారు. ఫొటో పక్కన కూర్చున్న ఆవిడ భర్త కూడా మర్యాదకి నవ్వాడు. నేను లేచి ఏమీ అనలేదు. అప్పుడు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

సత్యవతి గారు తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పేవారు. భర్త వీసా మీద ఇక్కడికి వచ్చాక తొమ్మిదేళ్ళు చట్టప్రకారం ఏ పనీ చెయ్యడానికి వీల్లేదు. పాఠం చెప్పగల మనిషిని తొమ్మిదేళ్ళు అపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టిన చట్టం గురించి ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆవిడ బదులు నాకు ఒళ్ళు మండేది. చివరికి పని చేసుకునే కార్డు చేతికొచ్చేసరికి యాభై దాటాయి. ఆవిడ డిగ్రీలు ఎవరూ అడగలేదు. కొట్లో నిలబడగలరా అని అడిగారు. నిలబడగలనన్నారు.

ఆ కొట్టు గుమ్మం పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. అద్దెకి గది, సంగీతం క్లాసులు, ఊరు వదిలేవాళ్ళు సామాను అమ్ముకునే మూవింగ్ సేల్ కాగితాలు. మనం బోర్డు ముందు నిలబడితే మనక్కావలసిన కాగితం చూసుకుని వెళ్ళిపోతాం. ఆవిడ రోజూ బోర్డు మొత్తం చదివేవారు. ఆ కొట్టుకి సరుకు వేసే హోల్‌సేల్ వాళ్ళు దేశంలో చాలా ఊళ్ళకి వేస్తారు. వాళ్ళ ద్వారా ఎక్కడెక్కడి కొట్లవాళ్ళో ఆవిడకి ఫోన్ పరిచయం. ఎవరైనా వచ్చి "ఆంటీ, ఫలానా ఊళ్ళో ఆఫర్ వచ్చింది, వెళ్ళిపోదామనుకుంటున్నాం" అంటే, ఆవిడ చెయ్యి తుడుచుకుని ఆ ఊరి కొట్టుకి ఫోన్ చేసేవారు.

ఒకసారి నా ఎదురుగానే చేశారు. టెక్సస్‌లో ఏదో ఊరికి వెళ్దామనుకుంటున్న ఒకతను పక్కన నిలబడి ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

"రెడ్డి గారూ, కరివేపాకు వారానికి ఎన్నిసార్లు దింపుతున్నారండీ?"

"ఇదివరకు రెండుసార్లు అమ్మా. ఇప్పుడు ఒక్కసారే. అదీ మిగిలి ఎండిపోతోంది."

"బోర్డు మీద మూవింగ్ సేల్ కాగితాలెట్లా ఉన్నాయి?"

"ఏం చెప్పమంటారు. కొత్త కాగితం పెట్టాలంటే పాతది పీకాలె. సోఫాలు, పిల్లల క్రిబ్బులు, అన్నీ కొత్తవే. మీకేమన్న కావాల్నా?" అని నవ్వాడాయన.

ఫోన్ పెట్టేసి ఆవిడ అతనితో అన్నారు: "ఏడాది కూడా వాడని సోఫా అమ్ముతున్నారంటే ఇష్టపడి వెళ్తున్నారని కాదు నాయనా. ఇంకోసారి ఆలోచించుకో."

ధైర్యం తక్కువన్న పెద్దమనిషి ఇంకో ఫోన్ కూడా విని ఉండాల్సింది. జార్జియాలో కమ్మింగ్ వెళ్ళాలా వద్దా అని ఒక జంట నెలల తరబడి ఊగిసలాడుతుంటే, ఆవిడ అక్కడి కొట్టుకి ఫోన్ చేసి, రెండు నిమిషాలు మాట్లాడి, "ఇంకా ఏం చూస్తున్నారు? అక్కడ పక్కపక్కనే కొత్త కొట్లు తెరుస్తున్నారట. అట్లాంటా చుట్టూ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఒకళ్ళు కాదు, వందమంది. వెళ్ళి ఇల్లు కొనుక్కోండి" అని కసిరారు. వాళ్ళు వెళ్ళారు, కొన్నారు, బాగున్నారు. ఆ సంగతి సభలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక మా సంగతి. నేనూ నా భర్త రవీ ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఏడేళ్ళున్నాం. పాప మంచం హాల్లో ఉండేది. ప్రతి ఏడూ అద్దె పెరిగేది. రవి ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ళని పక్కపక్కన పెట్టి పోల్చే పట్టిక ఒకటి పట్టాడు. పాలు ఎంత, పెట్రోలు ఎంత, అద్దె ఎంత. దేశం మధ్యలో, మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరు ఆ పట్టికలో మా ఊరిని చిత్తుగా ఓడించింది. ఆ ఊరి పేరు రాయను, ఇంకా అక్కడ మనుషులు బతుకుతున్నారు. జీతం తగ్గుతుంది, కానీ ఇల్లు కొనుక్కోవచ్చు. ఇద్దరికీ ఆఫర్లు వచ్చాయి, రెండు వేర్వేరు కన్సల్టింగ్ కంపెనీల్లో. సత్యవతి గారికి చెప్పడానికి వెళ్ళాం. సలహా అడగడానికి కాదు, చెప్పడానికే.

"అక్కడ మీకు ఉద్యోగం ఇవ్వగలిగినవాళ్ళు ఎంతమంది?" అన్నారు.

"మూడు కంపెనీలున్నాయి ఆంటీ. ఇది పోతే అది, అది పోతే ఇంకోటి" అన్నాడు రవి. ఈ జవాబు ముందే తయారు చేసుకున్నాడు.

"మూడింటికీ క్లయింట్ ఎవరు బాబూ?"

"క్లయింట్ అంటే... ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. మూడూ దానికే చేస్తాయి. కానీ చాలా పెద్ద క్లయింట్ ఆంటీ."

"అయితే మూడు కాదు, ఒకటి. ఒకే ఇంటికి మూడు తలుపులు లెక్కపెట్టుకుని వచ్చావు." ఆవిడ మా సరుకులు సంచిలో సర్దుతూనే ఉన్నారు. "వెళ్ళండి, వద్దనడం లేదు. ఏడాది అద్దెకి ఉండండి. రెండో ఉద్యోగం ఇంటినుంచి ఎంత దూరమో తెలిశాక ఇల్లు కొనండి. ఉద్యోగం పోతే మీ వీసాలకి అరవై రోజులే టైము కదమ్మా ఇందూ, మర్చిపోవద్దు."

కార్‌లో కూర్చున్నాక రవి, "సొరకాయలు తూచే ఆవిడ మనకి కెరీర్ అడ్వైజ్ ఇస్తోంది" అన్నాడు. నేను నవ్వాను. రవి తిక్కగా అన్నాడని కాదు, నాకూ అలాగే అనిపించి నవ్వాను. ఇది దాటేసి మిగతాది రాస్తే అంతా అబద్ధమవుతుంది.

ఆ ఊరు వెళ్ళిన మూడో నెలలో ఇల్లు కొన్నాం. నాలుగు బెడ్‌రూమ్‌లు, తూర్పు ముఖం, బేస్‌మెంట్. పాపకి సొంత గది. ఫొటోలు అందరికీ పంపాం. సత్యవతి గారు "గది బాగుంది, పాప సంతోషంగా ఉందా?" అని మాత్రం జవాబిచ్చారు. రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళూ మేము సుఖంగానే ఉన్నాం. అదీ నిజమే.

ఆ ఇన్సూరెన్స్ కంపెనీ అక్కడికి రావడానికి ఊరు దానికి పన్ను రాయితీ ఇచ్చిందట. ఆ మాట మాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రాయితీ గడువు తీరింది. ఇంకో రాష్ట్రంలో ఇంకో ఊరు కొత్త రాయితీ ఇస్తానంది. మీటింగ్‌లో ఒక మేనేజర్ స్లయిడ్ చూపించి, కొత్త ఊళ్ళో కాస్ట్ ఆఫ్ లివింగ్ తక్కువ కాబట్టి ఇది అందరికీ మంచిదన్నాడు. మమ్మల్ని ఆ ఊరికి రప్పించిన మాటా అదే. మనుషులు చవకైన ఊరు వెతుక్కుంటే ఇల్లు కొంటారు, స్కూల్లో పిల్లని చేరుస్తారు, పెరట్లో మెంతికూర వేస్తారు. కంపెనీ చవకైన ఊరు వెతుక్కుంటే లీజు రాసుకుంటుంది, గడువు తీరగానే పోతుంది. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి మనకి చూపించేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. ఆ పట్టికలో పాలున్నాయి, పెట్రోలుంది. రెండో ఉద్యోగానికి గడి లేదు.

రవి ఉద్యోగం ఒక సోమవారం పోయింది. నాది తర్వాతి సోమవారం. మూడో కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడ ఫోన్ ఎత్తిన అమ్మాయి తన రెజ్యూమెనే ఎక్కడికైనా పంపగలరా అని అడిగింది. అరవై రోజుల్లో కొత్త కంపెనీ వీసా కాగితాలు వెయ్యకపోతే దేశం వదలాలి. ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టాం. మా వీధిలో అప్పటికే నాలుగు బోర్డులున్నాయి. ఎవరూ చూడటానికి రాలేదు. యాభై రెండో రోజున ఫ్రీమాంట్‌కి దగ్గర్లో, సన్నీవేల్‌లో నాకు ఉద్యోగం దొరికింది. దేశంలో ఉండటానికి దారి దొరికింది, ఇల్లు మాత్రం మెడకి వేలాడుతోంది.

అప్పుడు మౌనిక, కార్తీక్ వచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు, అమ్మాయి ఆరో నెల గర్భిణి. "అక్కా, తూర్పు గుమ్మమేగా?" అని మౌనిక లోపలికి రాకముందే అడిగింది. స్కూల్ రేటింగ్ అడిగింది. పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళేనా అని అడిగింది. పాప గదిలో గోడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. "లక్కీ టైమ్‌లో వచ్చాం అక్కా. ఒకే వీధిలో ఇన్ని ఇళ్ళు చూసుకునే చాన్స్ ఎక్కడ దొరుకుతుంది?" అంది.

కార్తీక్ ఆ మూడో కంపెనీలో కొత్తగా చేరాడు. "పెద్ద ప్రాజెక్ట్ వచ్చిందండీ. క్లయింట్ సిస్టమ్స్ అన్నీ వేరే డేటాసెంటర్‌కి మార్చాలి. మొత్తం నేనే చూస్తున్నా" అన్నాడు గర్వంగా. ఊరు వదిలి వెళ్ళిపోతున్న కంపెనీ సామాను ఎక్కించడానికి పిలిచారని అతనికి తెలీదు. నాకు తెలుసు. ఆ పని ముగిసిన రోజున అతని పని కూడా ముగుస్తుందని, అతను ఇంట్లో చెప్పులతో నిలబడి మాట్లాడుతున్నంతసేపూ నాకు తెలుసు.

ఎందుకు అమ్ముతున్నారని వాళ్ళు అడగలేదు. అడగరాదని అనుకున్నారో, అవసరం లేదనుకున్నారో. నేను టీ ఇచ్చాను.

ఇల్లు వాళ్ళకే అమ్ముడుపోయింది. ఫ్రీమాంట్‌కి తిరిగొచ్చిన వారంలో కొట్టుకి వెళ్ళాను. సత్యవతి గారు నన్ను చూసి, చేతిలో ఉన్న పని వదిలి, కౌంటర్ దాటి వచ్చి భుజం పట్టుకున్నారు. "పాప స్కూల్ దొరికిందా? రవికి ఇంటర్వ్యూలు వస్తున్నాయా?" అన్నారు. నేను ముందే చెప్పాను కదా అని ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ దయ భరించలేక నేనే మొత్తం చెప్పేశాను. మౌనిక, కార్తీక్, టీ, అన్నీ.

ఆవిడ చెయ్యి తీసేశారు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కొనేవాళ్ళు కాదు సత్యవతి గారూ. మేం మునిగిపోయేవాళ్ళం."

"నీకు చెప్పడానికి నేనున్నాను. విన్నావో లేదో నీ ఇష్టం. ఆ పిల్లకి ఎవరున్నారు?" ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ గొంతు పెరగడం అదొక్కసారే విన్నాను. పప్పుల దగ్గర నిలబడ్డ ఒకాయన తిరిగి చూశాడు. "వాళ్ళందర్నీ తిట్టుకుంటూ వచ్చావు. ఆ మేనేజరూ, ఆ కంపెనీ. నువ్వు చేసిందేమిటి మరి?"

ఆవిడ నా చేతిలో ఫోన్ వైపు చూపించారు.

"నంబరుందా? ఇక్కడే చెయ్యి. ఇల్లు వెనక్కి తీసుకోలేవు సరే. ఇప్పటినుంచే వేరే ఉద్యోగం వెతుక్కోమని చెప్పు. అరవై రోజులు మొదలవ్వకముందు తెలిస్తే ఎంత తేడానో నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

బియ్యం మూటల పక్కన నిలబడి ఫోన్ చేశాను. ఆవిడ పక్కనే ఉన్నారు. మౌనిక ఎత్తగానే "అక్కా, మీకు నూరేళ్ళు! పాప గదికి నిన్ననే రంగు వేయించాం" అంది. చెప్పాను. ప్రాజెక్ట్ ఏమిటో, ఎన్నాళ్ళు ఉండొచ్చో, ముందే ఎవరికి రెజ్యూమె పంపాలో చెప్పాను. ఇవన్నీ ఆ రోజు టీ ఇచ్చేటప్పుడే తెలుసని కూడా చెప్పాను.

"సరే మేడమ్. థాంక్యూ" అంది. పెట్టేసింది.

సత్యవతి గారు కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆవిడ నాతో మామూలుగానే ఉన్నారు, కాఫీకి పిలిచారు, పాపకి లెక్కలు చెప్పారు. ఆ రోజు సంగతి ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు. కార్తీక్‌కి వేరే చోట ఉద్యోగం దొరికిందో లేదో నాకు తెలీదు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఇప్పుడు ఊరు మారాలనుకునేవాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు. ఆవిడ అడిగినవే అడుగుతాను. వాళ్ళకి విసుగొస్తుంది, మూడు కంపెనీలున్నాయంటారు. ఇల్లు అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో అడిగారా అంటాను. అడగలేదంటారు. అప్పుడు నేను ఒక ఇల్లు ఎలా అమ్మానో వాళ్ళకి చెప్తాను. ఎక్కడా నన్ను నేను తప్పించకుండా, మౌనిక నన్ను చివరికి ఏమని పిలిచిందో అక్కడిదాకా చెప్తాను.