కటానా బేరంలో అమ్మ కత్తిపీట

కటానా కత్తిసాము క్లాసులో తడిపిన చాప చుట్టలు నరకడం మొదలుపెట్టాం. దానికి మరీ ఖరీదు కాని ఓ జపాన్ కత్తి కొందామని ఈ రోజు ఫ్రీమాంట్‌లో ఒక షాపుకి వెళ్లాను. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మ కూడా బయల్దేరింది. మూడు వారాలు వీడియోలు చూసి వెళ్లిన నేను, తళతళలాడే స్టెయిన్‌లెస్ కత్తి కనబడగానే దాని మీద మనసు పారేసుకున్నాను.

"అది వద్దే," అంది అమ్మ. "స్టీలుది గోడకి తగిలించుకోడానికే. మన ఇనప కత్తిపీట చూడు, తుడిచి నూనె రాస్తే ముప్పై ఏళ్లయినా తెగుతోంది."

ఆ మాట నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే షాపాయన కళ్లు పెద్దవి చేశాడు. మన కత్తిపీటలాగే నూనె రాసి చూసుకోవాల్సిన కార్బన్ స్టీల్ కత్తి ఒకటి తీసి, నాకు కాదు, అమ్మకి చూపించాడు. ఆవిడ ఎన్నేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నారని అడిగాడు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ," అంది అమ్మ నిమ్మళంగా. "కాకపోతే కూర్చుని."

ఆ కత్తే కొన్నాను. వచ్చేటప్పుడు ఆయన, కత్తిపీటకి ఏ నూనె రాస్తారని అడిగాడు. ఆముదమంది అమ్మ. మీ ఇళ్లలో కత్తిపీటకి ఏం రాసేవారో మీరూ చెప్పండి, ఆయన పుస్తకంలో రాసుకుంటాడట. మూడు వారాలు వీడియోలు చూసిన నన్ను మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.